బల్ల కిందికి పోయిన గ్లాసులు

వయసులో ఉన్నప్పుడు నాకొక గట్టి నమ్మకముండేది: హైదరాబాద్ లాల్‌దర్వాజా గల్లీల పుట్టినోనితోని మర్యాదల ఎవ్వడూ గెలవలేడని. ఆ నమ్మకమే నన్ను చైనాల బల్ల కిందికి దూర్చింది. ఫోన్ల కంపెనీ ఒకటి నన్ను ట్రైనింగుకని అక్కడికి తోలింది. పరీక్ష పాసైతే అక్కడనే పర్మనెంటు, లేకుంటే వాపస్ వచ్చి మా అన్న గాజుల దుకాణంల కూసోవాలె. (ఎయిర్‌పోర్టుల అన్న ఇచ్చిన దీవెన: "ఫికర్ చేయకు తమ్మీ, స్టూలు తుడిచి పెడ్త.")

అక్కడి ఫ్యాక్టరీల తల ఎత్తితే ఫోన్లు జోడించే లైన్ ఆగుతదని తుమ్ములు గూడ భోజనం దాకా ఆపుకునేటోళ్లు. (ఒకాయన ఆపుకున్న తుమ్ముకు కిటికీ అద్దం పగిలింది, నా కండ్లతోని చూసిన.) అంత ఒత్తిడిల ఎవడు ఎవనికి పని నేర్పుతడు? నవ్వు గూడ పెద్దసారు కోసమే దాచుకుంటరు. పరిచయాలన్నీ కంపెనీ విందులనే. అక్కడ రివాజేందంటే, గ్లాసులు తాకించేటప్పుడు చిన్నోని గ్లాసు పెద్దోని గ్లాసుకన్నా కింద ఉండాలె. నా పక్కసీటాయన నలభై దాటిన మనిషి, నేను ఉస్తాద్ అని పిలిచేటోణ్ణి. ఆయన గ్లాసు పట్టుకొని వచ్చిండు. నేను నాది దించిన. పరదేశి మెహమాన్ కదా అని ఆయన ఇంకా దించిండు. "అరే, పహ్లే ఆప్!" అని నేను ఒంగిన, ఆయన నేల మీద కూసున్నడు. ఆఖరుకు బల్ల కింద ఇద్దరి తలకాయలు ఠాప్‌మని తాకినయ్. పెద్దసారు గూడ నవ్విండు.

మరునాటి నుంచి, భోజనమైనంక లైట్లు బందు చేసి అందరు బల్లల మీద కునుకు తీసే టైముల ఉస్తాద్ నిద్ర మానుకొని నాకు సన్నతీగలు అతికించుడు నేర్పిండు. "ఊపిరి బిగబట్టకు, మెల్లగ వదులు," అని సైగలు చేసేటోడు. నేను పాసైన.

అదే వారం, ఉస్తాద్ చేతుల వేగం తగ్గిందని ఆయనను తీసేసిండ్రు. ఆ కుర్చీ నాకే ఇచ్చిండ్రు.

"నీ కుర్చీ నాకిస్తరని తెలిసే నేర్పినవా, ఉస్తాద్?" అని ఫోన్ల తర్జుమా పెట్టి అడిగిన. ఆయన చైనా మాటను ఫోన్లున్న ఆడగొంతు మస్తు హుషారుగ హిందీల చెప్పింది: నా తర్వాత ఎవడో ఒకడు వస్తడు, పనొచ్చినోడు వస్తే మంచిదే కదా. ఆ హుషారుకే నాకు ఏడుపొచ్చింది. పోయేముందు చాయ్ గ్లాసులు తాకించుకున్నం. నేను నాది నేలదాకా దించబోతుంటే ఆయన నా మణికట్టు పట్టి పైకి లేపి, రెండు గ్లాసులు ఒక్క ఎత్తుకు తెచ్చిండు.

నాకూ నలభై దాటినయ్. నా చేతుల వేగమూ తగ్గింది, నన్నూ పంపిండ్రు. అన్న స్టూలు నిజంగనే తుడిచి పెట్టిండు. చార్మినార్ కాడ మా దుకాణంల చాయ్ వచ్చినప్పుడల్లా నా గ్లాసు దానంతటదే గాలిల ఆగుతది.

"ఎవనికిరా సలాం?" అంటడు అన్న.

"చీనాల మా ఉస్తాద్‌కు," అంట.

"తుమ్ముకు అద్దం పగిలిన ఊరేనా?" అని పడి పడి నవ్వుతడు. నేనూ నవ్వుత. గ్లాసు మాత్రం దించ. ఆయన పట్టిన ఎత్తుకే పట్టుకుంట.