అయస్కాంతం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట

ఇవాళ సాయంత్రం బడిలో ల్యాబ్ బీరువా సర్దుతుంటే లాడం ఆకారపు అయస్కాంతం ఒకటి దొరికింది. ఎర్ర రంగు పెచ్చులూడిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అదే తుప్పు వాసన. శామీర్‌పేటలో నాతో తొమ్మిదో తరగతి చదివినవాళ్లూ, మన సైన్సు సార్ అయస్కాంతం గుర్తుందా?

సార్ ప్రశ్న పూర్తిగా అడగకముందే ముందు బెంచీల్లోని కాలనీ పిల్లలు జవాబు అరిచేసేవాళ్లు. ఊళ్లోంచి వచ్చే మేము తలలు వంచుకునేవాళ్లం. అది చూసి చూసి సార్ ఒక పద్ధతి పెట్టారు. అయస్కాంతం చేతిలో ఉన్నవాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి.

ఒకరోజు అది నా పక్కన కూర్చునే యాదమ్మ చేతికొచ్చింది. ఏడాదంతా క్లాసులో నోరు విప్పని పిల్ల. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, "నాకు తెల్వది సార్" అంటూ వెనక్కి ఇవ్వబోయింది. సార్ తీసుకోలేదు.

"తెల్వకుంటే ఏమాయె బిడ్డా. ఏం తెల్వదో గదే అడుగు."

క్లాసంతా ఆమె వైపే చూస్తోంది.

"చెర్వుల దిగితే నీళ్లు పైన ఎచ్చగుంటయి, కాళ్లకాడ సల్లగుంటయి. ఎందుకు సార్?"

ముందు బెంచీల పిల్లలు పుస్తకంలో పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. ఆ పీరియడంతా ఆ ప్రశ్న కోసమే అయస్కాంతం బెంచీ బెంచీకీ తిరిగింది.

ఇప్పుడు నేనూ సైన్సు టీచర్నే. సిలబస్ వెనక పరుగెత్తి పరుగెత్తి గొంతు పోయింది. ఇవాళ పొద్దున వెనక బెంచీ పిల్లను లేపి ప్రశ్న అడిగాను.

"తెల్వది మేడమ్" అంది.

"కూర్చో" అన్నాను.