అక్కయ్యకు పట్టని రోగం లేదు

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే అక్కయ్యకు ఒక్కటే అలవాటు. తన ఒంట్లో ఏ జబ్బు చేరినా పదిమందికీ చెప్పేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆమె చెప్పని రోగం లేదు, చెప్పిన రోగానికి ఒక్కపూట సెలవు పెట్టిందీ లేదు.

"నాకు మొలలు," అని ప్రకటించేది, అందరూ భోజనం డబ్బాలు విప్పే వేళ చూసుకుని. "కూర్చుంటే ముళ్ళమీద కూర్చున్నట్టే అనుకో తమ్ముడూ."

టైపిస్టు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది. మర్నాడు అదే టైపిస్టు బీరువా చాటున ఆమె చెవిలో ఏదో గొణిగేవాడు. ఆమె ఓ చీటీ మీద డాక్టరు పేరు రాసిచ్చేది.

పెద్ద గుమాస్తాకు ఈ వ్యవహారం గిట్టదు. ఆయన లెక్కలో మర్యాదస్థులకు జబ్బులుండవు. అందుకే ఆర్నెల్లుగా తను గంటకోసారి కుర్చీ వదిలి నడవా చివరికి పరుగెత్తడం, అక్కడ పావుగంట నిలబడినా పని తెమలకపోవడం ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. ఆయన తండ్రి కూడా ఇలాగే దాచి దాచి, చివరికి చెప్పడానికి మనిషే లేకుండా పోయాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా పెద్ద గుమాస్తా ఏదో ఒక ఫైలు తీసి దుమ్ము దులిపేవాడు. ఆఫీసులో ఫైళ్ళు అంత శుభ్రంగా ఎన్నడూ లేవు.

నడవా మొదట్లోనే అక్కయ్య బల్ల.

ఓ సోమవారం ఆమె తలెత్తి, "విన్నారా, నాకు ప్రోస్టేట్ గ్రంథి వాచింది," అంది.

ఆఫీసు ఘొల్లుమంది.

"అక్కయ్యా, అది మగవాళ్ళకొచ్చేది," అన్నాడు టైపిస్టు.

"రోగానికి ఆడా మగా ఏం తెలుస్తుంది తమ్ముడూ? మాటిమాటికీ పరుగు, తీరా వెళ్తే బొట్లుబొట్లు. క్యాన్సరేమోనని హడలి చచ్చాననుకో. డాక్టరు పరీక్షలు చేయించి, ఉత్త వాపేనమ్మా, మాత్రలు చాలు అన్నాడు. ఇంకా నాన్చితే కిడ్నీలు దెబ్బతినేవట."

అందరికంటే గట్టిగా నవ్వింది పెద్ద గుమాస్తానే. "ఈవిడ తెలివితక్కువతనానికి అంతు లేదు," అన్నాడు. అనేసి నడవాలోకి పరుగెత్తాడు.

ఆఫీసు ఆ ముచ్చటను రెండు రోజులు నమిలింది. మూడోరోజు సాయంత్రం అందరూ వెళ్ళాక పెద్ద గుమాస్తా ఆమె బల్ల దగ్గర నిలబడి ఫిర్యాదుల రిజిస్టరు అటూ ఇటూ తిరగేశాడు.

"ఆ డాక్టరు ఎక్కడుంటాడమ్మా? మా బావమరిదికి."

"రాసిస్తానండి. రేపే వెళ్ళమనండి. తోడు కావాలంటే నేనొస్తాను. ఆస్పత్రి నాకు పుట్టిల్లు."

పదిహేను రోజుల తర్వాత ఆయన ఆమె ఎదుట గంటసేపు కదలకుండా కూర్చున్నాడు.

"ఉత్త వాపేనట," అన్నాడు చివరికి.

"మీ బావమరిదికా?"

"నాకే." అంతలో హోదా గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. "అయినా, ఆడవాళ్ళకు ఆ గ్రంథి అసలే ఉండదమ్మా. ఆ సంగతి తెలుసా నీకు?"

"అందుకేనండీ," అంటూ అక్కయ్య రిజిస్టరు మూసింది, "నాకు అంత తొందరగా తగ్గిపోయింది."