ముందు వరసలో మున్షీ

నేను ఇంటర్ చదివేటప్పుడు, ఇక్కడ జంషెడ్‌పూర్‌లో మా నాన్నని కులం పేరుతో తిట్టి కొట్టారు. ఠాణాలో ఫిర్యాదు రాసుకునే మున్షీ “తిడితే ఒంటికి గాయమవుతుందా?” అని నవ్వి, ఆ తిట్టు వదిలేసి ‘ఆపసీ ఝగడా’, అంటే ఇద్దరి మధ్య గొడవ, అని రాశాడు. నాన్న తల దించుకున్నాడు. పక్కనే ఉన్న నేను ఇంటికొచ్చి ఆ మాటలన్నీ డైరీలో రాసుకున్నాను.

ఇలాంటి ఫిర్యాదులు ఎలా నమోదు చెయ్యాలో నేర్పే పోలీసు శిక్షణకి ఈ ఏడాది బాధితుల తరఫున నన్ను మాట్లాడమని పిలిచారు. ముందు వరసలో ఆ మున్షీ! వెంట తెచ్చుకున్న డైరీ తీసి, ఠాణాలో విన్న ఆ మాటలు చదివాను.

“ఎవరన్నారమ్మా ఆ మాట?” అన్నారు పెద్ద అధికారి.

“మూడో కుర్చీలో ఉన్నారు సార్.”

అందరూ అటు తిరిగారు. మున్షీ తల దించుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే నాన్న, “పాపం, ఒగ్గేయాల్సిందమ్మా” అన్నాడు. నేను ఒగ్గలేదు. మున్షీ తల దించుకున్న సంగతీ ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను; దిగులేసినప్పుడల్లా ఆ పేజీ తీసి చదువుకుంటాను.