కార్డు మూలన చూపుడువేలు

గురజాల నుంచి ఫోను వచ్చేసరికి నేను డాబా మీద ఎండుమిరపకాయలు తిరగేస్తున్నాను. "అక్కా, మా అబ్బా పోయాడు. పొద్దున చాయ్ తాగి పడుకున్నాడు, మళ్ళీ లేవలా. మధ్యాహ్నం జొహర్ నమాజ్ అయినాక తీసకపోతాం," అన్నాడు బాబాయ్ కొడుకు. నేనేమన్నానో గుర్తు లేదు. చేతులు కడుక్కోకుండా కళ్ళు తుడుచుకున్నాను, ఇక ఆ మంట సంగతి చెప్పక్కర్లేదు. బస్సులో గురజాల చేరేదాకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పక్క సీటావిడ ఏమైందని అడిగితే మిరపకాయలండీ అన్నాను. సగం నిజమే.

పోయినాయన నాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా వీధి మొదట్లో జిరాక్స్ కొట్టు ఆయనది. వీధిలో సగం మందికి బాబాయ్, నాకూ బాబాయే. ఆధార్ కార్డులు, పాసు పుస్తకాలు, పరీక్ష ఫారాలు కాపీలు తీస్తూ బతికిన మనిషి. అలాంటాయన దగ్గరికి నేను నా పిచ్చి ఒకటి పట్టుకుపోయాను.

చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో క్రికెటర్ల బొమ్మ కార్డులు వచ్చేవి, మీకూ గుర్తుండే ఉంటాయి. అవి కూడబెట్టాను. ఆడపిల్లకి ఇవెందుకే అని మా అమ్మ రెండుసార్లు పొయ్యిలో పెట్టబోయింది. ఎలాగో బిస్కెట్ల డబ్బాలో బతికి బయటపడ్డాయి. ఇలాంటివి వెతికి కొనే పిచ్చివాళ్ళు దేశమంతా ఉన్నారని, ఆన్‌లైన్‌లో వేలం పాడుకుంటారని నాకు చానా ఆలస్యంగా తెలిసింది. నా దగ్గర రెండేసి ఉన్నవాటిని ఫోనుతో ఫొటో తీసి పెట్టాను. ఒక్కడూ పాడలేదు. పాడతాడా, ట్యూబులైటు మెరుపు పడి బ్యాట్స్‌మన్‌కి తల ఉండాల్సిన చోట తెల్ల మచ్చ ఉంటే?

స్కాన్ తీసిపెట్టమని అడిగితే బాబాయ్ ఒక కార్డు చేతిలోకి తీసుకుని అంచులు తడిమాడు. "ముందు ఆ ప్లాస్టిక్ కవరు తీసెయ్యమ్మా. దాని మెరుపంతా బొమ్మలో పడుద్ది," అన్నాడు. రబ్బరు బుడ్డితో మిషను అద్దం మీద దుమ్ము ఊదాడు. కార్డు మా ఊరి ఎండలకి విల్లులా వంగి ఉంది. మూత గట్టిగా వేసి నొక్కితే విరుగుతుందని మూత తెరిచే ఉంచి, పైన నల్లగుడ్డ కప్పాడు. అది మా పిన్ని, అంటే ఆయన భార్య, పాత బురఖా ముక్క. నలుపు మీద కార్డు తెల్ల అంచు కొలిచి గీసినట్టు తేలింది.

ఆ కొట్టులో మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కలలా అనిపిస్తాయి. బయట ఆటోల గోల, లోపల మిషను సన్నగా మూలుగుతూ ఉండేది. గుడ్డ కింద వెలుగు గీత ఒకటి నెమ్మదిగా నడిచిపోయేది. మేమిద్దరం మాట్లాడేవాళ్ళం కాదు. కంప్యూటరు తెర మీద పైనుంచి కిందికి ముందు ఆకాశం వచ్చేది, తర్వాత టోపీ, తర్వాత మొహం, చివరికి ప్యాడ్లు. ముప్పై ఏళ్ళుగా డబ్బాలో పడుకున్న మనిషి లేచి నిలబడేవాడు. అప్పుడు బాబాయ్ అడిగేవాడు, "వచ్చాడా అమ్మా?" అని. వచ్చాడు బాబాయ్ అనేదాన్ని. అది ఆయన అలవాటనుకున్నాను.

ఒకసారి రంగు కాస్త పెంచమన్నాను. "ఇన్నేళ్ళు ఎండలో ఆడినోడు వెలిసిపోడా ఏంది," అని నవ్వాడు. మూల మడత కనపడకుండా తీయమంటే మాత్రం నవ్వలేదు. "కొనేవాడు ఎక్కడో ఉన్నాడు. కార్డు చేత్తో పట్టుకుని చూసుకోలేడు గదా. వాడి చెయ్యి మనమే. చెయ్యి మోసం చేస్తదా?" అన్నాడు. వెనకవైపు కూడా తీసేవాడు, అడక్కపోయినా.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కార్డు పెట్టి, గీత నడిచాక, "ఎంత బాగా నవ్వుతున్నాడో చూడు," అన్నాడు. చూశాను. తెర మీద కార్డు వెనకవైపు వచ్చింది. అన్నీ అక్షరాలే, మొహమే లేదు. "అవును బాబాయ్, నవ్వుతున్నాడు," అన్నాను, కాస్త ఆలస్యంగా.

ఆయన కాసేపు రబ్బరు బుడ్డి నొక్కుతూ కూర్చున్నాడు. "నీకు తెలిసిపోయింది," అన్నాడు. నీటికాసులట. గుంటూరు డాక్టరు పోయిన చూపు ఇక రాదని, మిగిలిన కాస్తకీ చుక్కలు వేసుకోమని చెప్పాడట. చుక్కలు వేసుకుంటున్నా అదీ జారిపోతూనే ఉందట. "మావాడికి చెప్పమాక అమ్మా. తెలిస్తే కొట్టు మూయించి గురజాల తీసకపోతాడు. ఈడ మిషన్ ముందుంటే మనిషిని. ఆడ మంచానికి ఐదో కోడుని," అన్నాడు.

చెప్పనన్నాను. జిరాక్సులు చేతి అలవాటు మీద నడిచిపోయేవి. నా కార్డుల దగ్గరే తంటా. అంచు కనపడదు కాబట్టి వేలితో మూల వెతికి, కార్డు జరక్కుండా పట్టుకుని మీట నొక్కేవాడు. వేలు తీయడం మరిచిపోయేవాడు. బొమ్మలో కింద మూలన ఆయన చూపుడువేలు కూడా పడేది. గడ్డానికి పెట్టుకునే గోరింటాకు వేలికి అంటి, చివర ఎర్రగా ఉండేది. "మళ్ళీ పడింది బాబాయ్," అంటే, "కోసెయ్ అమ్మా, అది నాది, కార్డుది కాదు," అనేవాడు. ఇంటికొచ్చి ప్రతి బొమ్మలోనూ ఆ వేలు కత్తిరించి వేలానికి పెట్టేదాన్ని. ఆయన రహస్యం అలా కాపాడుతున్నానని నాలో నేను గొప్పగా అనుకున్నాను కూడా.

ఇంతా చేసి ఆ రహస్యం బయటపెట్టింది నేనే.

నా దగ్గరున్న వాటిలోకెల్లా మంచి కార్డు ఒకటి వేలానికి పెట్టాను. బౌలరు చెయ్యెత్తి గాల్లో ఉంటాడు. బాబాయ్ తీసిన బొమ్మలో బౌలరు మొహం మీద అడ్డంగా తెల్లటి గీత పడింది, వేలు కత్తిరించే తొందరలో నేను గమనించలేదు. గీటు ఉందని అందరూ తప్పుకున్నారు. గీటున్నదాన్ని మంచిదని పెట్టానని ఒకడు నన్ను దొంగ అని రాశాడు. ఒళ్ళు మండి కొట్టుకి పోయాను. బాబాయ్ పక్కనే కొడుకు ఉన్నాడు, గురజాల నుంచి చూడటానికి వచ్చాడు. నేను వాకిట్లోంచే, "కనపడకపోతే మానెయ్యొచ్చు గదా బాబాయ్, ఇంకా మిషన్ ముందు కూర్చోవడం దేనికి?" అనేశాను. కొడుకు తండ్రి మొహం వంక చూశాడు. తండ్రి నా గొంతు వచ్చిన వైపు చూశాడు. వారం తిరక్కుండా షట్టరు పడింది.

ఆ తర్వాత ఆ కార్డు కవర్లో పెడుతుంటే దాని మీద సన్నటి దారపు పోగు కనపడింది. నేను కార్డు చుట్టి తీసుకెళ్ళిన నా పాత చీర ముక్కది. తప్పు నాది. సిగ్గుతో గురజాలలో బాబాయ్‌కి ఫోను చేసి పోగు సంగతి చెప్పాను.

"ఆ రోజు వేలికి తగిలిందమ్మా. ఊదాను. పోయిందో లేదో నువ్వు చూస్తావులే అని వదిలేశా."

ఆ రోజు నేను తెర చూడలేదు. "వచ్చాడా అమ్మా?" అని ఆయన అడిగితే, ఫోనులో మా చెల్లెలితో మాట్లాడుతూ, "వచ్చాడు" అనేశాను.

అది కూడా చెప్పాను. "పోనీలే," అన్నాడు. "ఇయ్యాల ఏ కార్డు తీశావు? చెప్పు, వింటా."

అప్పటినుంచి ఆ మధ్యాహ్నాలు ఫోనులో మళ్ళీ మొదలయ్యాయి, ఆయన పోయేదాకా సాగాయి. నేను ఇక్కడ కార్డు ముందు పెట్టుకుని చెప్పేదాన్ని. ఆకాశం నీలం కాదు బాబాయ్, కాస్త ఆకుపచ్చ తిరిగింది. టోపీ కింద చెమట. "మూలలు చెప్పు," అనేవాడు. నాలుగు మూలలూ చెప్పించుకునేవాడు. అన్నీ విన్నాక, "ఆఁ, వచ్చాడు," అనేవాడు తృప్తిగా. నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. రోజూ ఫోను ఎత్తేవాడు. నాకు అదే ఎక్కువ.

గురజాలలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని లేస్తుంటే పిన్ని కొట్టులోని ఆ నల్లగుడ్డ మడతపెట్టి నా చేతిలో పెట్టింది. "నీకిమ్మన్నాడు, చానా రోజులైంది," అంది.

ఇంటికొచ్చి, బాబాయ్ తీసి ఇచ్చిన అసలు బొమ్మలు, కత్తిరించకముందువి, తెరిచాను. నా పాత కంప్యూటరు, ఒక్కొక్కటీ నిదానంగా పైనుంచి కిందికి వస్తాయి. ఆ బౌలరు కార్డు ఎంచుకున్నాను. ఆకాశం వచ్చింది. ఎత్తిన చెయ్యి వచ్చింది. మొహం మీద నా చీర పోగు వచ్చింది. అన్నిటికంటే చివర, కింద మూలన, నల్లగుడ్డ నలుపులోంచి, కొసన గోరింటాకు ఎరుపుతో, ఆ కార్డు జారిపోకుండా పట్టుకుని, ఆయన వేలు వచ్చింది.