భూస్థాపన నాటి పెళ్లిపాట

2023 వానాకాలం. రాజమండ్రిలో మా బ్యాండుకు బేరాలు పలచబడిన రోజులవి. పెళ్లి ఊరేగింపులన్నీ డీజే బండ్లు ఎగరేసుకుపోతుంటే మాకు చర్చి పండగలు, చావులు మిగిలాయి. అప్పుడే దేవదానం గారు బ్యాండు మాస్టర్నని నన్ను ఇంటికి పిలిపించి, తాను పోయాక జరిగే భూస్థాపనకు తానే బ్యాండు మాట్లాడుకున్నారు.

ఆయన రిటైరైన రైల్వే గుమస్తా. మంచం పట్టినా పాత జాజ్ రికార్డులు వినడం మానలేదు. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ అనే ఊళ్లో ఆ సంగీతం మాలాంటి వీధి బ్యాండ్లలోనే పెరిగిందని ఫోనులో వినిపిస్తూ చెప్పారు. బానిసలుగా బతికినవాళ్ల బిడ్డలు తమ పొలం పాటల్నీ, చర్చి కీర్తనల్నీ, కవాతు బాకాల్నీ కలిపేసుకున్నారట. అక్కడ సమాధికి వెళ్లేటప్పుడు కీర్తనను బరువుగా, నెమ్మదిగా వాయిస్తారు. మట్టి వేశాక హుషారుగా వాయిస్తూ తిరిగొస్తారు.

"నాకూ అలాగే కావాలండి మాస్టారు. మా ఆవిణ్ణి ఏడిపిస్తూ ఇంటికి పంపకండి," అన్నారు. పక్కనే కూర్చున్న ఆయన భార్య సుగుణ టీచరు గారు అలాగే చేయిస్తానని మాటిచ్చారు. నేనూ తలూపాను.

ఆయనకు ఇష్టమైన కీర్తననే రెండు రకాలుగా సాధన చేశాం. ట్రంపెట్ పాటను మోస్తుంది. నా క్లారినెట్ దాని చుట్టూ అల్లుకుంటుంది. ట్రాంబోన్ కింద నుంచి జారుతూ జవాబు చెబుతుంది. ఇలా ఒకరు అడిగితే మరొకరు బదులివ్వడాన్ని కాల్ అండ్ రెస్పాన్స్ అంటారు. నాలుగు లెక్కల తాళంలో డ్రమ్ము మీద గట్టి దెబ్బ ఒకటో లెక్కకి కాకుండా రెండుకీ, నాలుగుకీ పడాలి. అది బ్యాక్‌బీట్. మావాళ్లకు చెయ్యి తిరగడానికి కాస్త సమయం పట్టింది.

ఆయన పోయారు. సమాధుల తోటకు వెళ్లేటప్పుడు బాగానే వాయించాం. మట్టి వేసి అందరూ కళ్లు తుడుచుకుంటూ గేటు దాటుతుండగా నేను సైగ చేశాను. ట్రంపెట్ అప్పారావు ఆ మొహాలన్నీ చూసి తడబడ్డాడు. హుషారు అనగానే వాడి వేళ్లకు తెలిసింది ఒక్కటే, పెళ్లికొడుకు కారు ముందు డాన్సులకు వాయించే పాట. అదే వచ్చేసింది. అలవాటు కొద్దీ డ్రమ్ములు కూడా అందుకున్నాయి.

పోయినాయన తమ్ముడు నా ముందుకొచ్చి నిలబడ్డారు. "ఏంటండి ఇది? ఇంకా చేతికి మట్టి కూడా వదల్లేదు," అన్నారు నెమ్మదిగా. తిట్టినా బాగుండేది. చెయ్యెత్తి బ్యాండు ఆపించాను. ఒంటి మీద పెళ్లిళ్లకు వేసుకునే అదే ఎర్రకోటు, జరీ, తలపాగా. అంత సిగ్గు నా జన్మలో ఎరగను. మావాళ్లను వాయిద్యాలు దించెయ్యమన్నాను.

అప్పుడు టీచరు గారు ముసుగు సర్దుకుని మా దగ్గరకొచ్చారు. వణికే గొంతుతో కీర్తన మొదటి చరణం ఎత్తుకున్నారు. రెండుకీ, నాలుగుకీ చప్పట్లు కొడుతూ, హుషారుగా. ఎవరూ అందుకోలేదు. మళ్లీ అదే చరణం పాడి మావైపు చూశారు. బదులివ్వాల్సింది మేమే. క్లారినెట్ నోట పెట్టుకున్నాను. వెనక ట్రాంబోన్, ఆ వెనక అప్పారావు అందుకున్నారు. చుట్టాలు చాలామంది మాకు దూరంగా జరిగి నడిచారు. ఇంటిదాకా తల ఎత్తకుండానే వాయించాను.

గుమ్మం దగ్గర టీచరు గారిని క్షమించమన్నాను.

"సిగ్గేసిందా మాస్టారు?"

"చచ్చిపోయానండి."

"నాకూ వేసిందండి. రేపు చర్చిలో వీళ్ల మొహాలు ఎలా చూడాలో తెలీదు. కానీ ఆయనకి మాటిచ్చింది నేను కదండి."

సిగ్గు పోతేగాని మనిషికి తెగువ రాదని అంతవరకు అనుకునేవాణ్ణి. ఆవిడ సిగ్గుతో చితికిపోతూనే పాడారు. నాకైతే ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు, ఆ వీధిలో తల వంచుకునే వెళతాను.

ఆ చుట్టుపక్కల మళ్లీ మమ్మల్ని ఎవరూ పిలవలేదు, టీచరు గారు తప్ప. తన వంతు వచ్చినప్పుడు కూడా అలాగే వాయించాలట. పెళ్లిపాట మాత్రం వద్దని అప్పారావుకి ఇప్పుడే చెప్పి ఉంచారు.