చక్రం మీద అంజన్న సింధూరం

ఉట్నూర్ దాటి ఇంద్రవెల్లి రోడ్డు పట్టుకుంటే ఎడమ పక్కన ఒక రేకుల షెడ్డు ఉంటుంది. దానికి బోర్డు లేదు. బోర్డు పెట్టించమని ఎవరైనా అంటే రాయమల్లుకు కోపం. పేరు రాసి పెడితే తప్ప తెలియని మనిషినా అని అతని పంతం. ఇప్పుడు అరవై ఒకటో ఏడు నడుస్తోంది. నలభై ఏళ్ల నాటి జీపులు, పికప్పులు అడవి ఊళ్ల దారుల్లో ఇంకా తిరుగుతున్నాయంటే సగం పుణ్యం అతనిది. మిగతా సగం కొత్త బండి కొనలేని జనానిది.

పుట్టింది సిరిసిల్లలో, నేతపని చేసుకునే ఇంట్లో. పన్నెండో ఏట మరమగ్గాల షెడ్డులోకి పోయి ఇరవై నాలుగో ఏట బయటపడి, ఇటు వచ్చి బండ్ల పని పట్టాడు. ఆ పన్నెండేళ్ల మోతకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి ఉందంటే ఉంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి సగం, చెవితో సగం గ్రహిస్తాడు. మెకానిక్కు పనిలో చెవే పెద్ద చదువు. బండి ఎక్కడ మూలిగిందో వినలేనివాడి దగ్గరికి బండి ఎవరు తెస్తారు? అందుకే ఈ సంగతి భార్య అనసూర్యకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే పలకకపోవడాన్ని ఊరంతా ఉస్తాదు గర్వం కింద జమకట్టింది. అతనికీ అదే నయమనిపించింది.

మరి వినకుండా పని ఎట్లా చేశాడంటే, దానికో ఉపాయం ఉంది. బండి వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి పెట్టె ఉంటుంది. అందులో పెద్ద పళ్ల చక్రం క్రౌను, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియను. రెండింటి పళ్లూ నడిమధ్యలో కలవాలి. అంచున కలిస్తే బండి కూత పెడుతుంది, కొన్నాళ్లకు పళ్లు విరుగుతాయి. చెవి ఉన్నవాళ్లు బండి నడిపి ఆ కూత విని సరిచేస్తారు. రాయమల్లు మాత్రం కొండగట్టు అంజన్న సింధూరాన్ని చుక్క నూనెలో కలిపి క్రౌను మీద అయిదు పళ్లకు పూసి, చక్రం తిప్పుతాడు. పన్ను పన్ను ఒరుసుకున్న చోట సింధూరం చెరిగిపోతుంది. ఆ చెరిగిన మచ్చ మధ్యలో పడేదాకా, చక్రాలను అటూ ఇటూ జరపడానికి వాటి వెనక పెట్టే సన్నని రేకు బిళ్లలు మారుస్తూ పోతాడు. డబ్బా ముట్టుకునే ముందు గోడ మీది అంజన్న పటం వైపు తిరిగి, "సామీ, జర పని కోసం" అని అడుగుతాడు. ముప్పై ఏడేళ్లలో ఆ గుర్తు అతనికి ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు.

మొన్నటి ఎండాకాలం అంతయ్య పికప్పు వచ్చింది. అంతయ్యది ఉట్నూర్‌కు పైన, రెండు వాగులు దాటి పోయే ఊరు. వాళ్ల బాపు నాటి బండి అది. అంగడికి మనుషులను, మక్కలను, పత్తిని, పురుటి నొప్పుల ఆడవాళ్లను దించేది అదొక్కటే. దాని క్రౌను పళ్లు రాలిపోయాయి. రాయమల్లు కరీంనగర్‌లో పాత సామాను దుకాణాలన్నీ రెండు రోజులు గాలించి, ఒక జత పట్టుకొచ్చాడు.

"గిదొక్కటే దొరికింది అంతయ్యా. గిది గిట్ల పోతే ఇంకో జత లేదు" అన్నాడు.

"పోతే బండిని ఇనుప సామానోళ్లకు అమ్ముడే. ఇగ నా బతుకు గూడ గంతే" అన్నాడు అంతయ్య. హాస్యానికన్నట్టు లేదు.

అంతయ్య వెంట తల్లి యాదవ్వ కూడా వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. షెడ్డులో మంచం మీద కూర్చుని అన్నీ చూస్తోంది. మొదటిసారి మచ్చ అంచున పడింది. రాయమల్లు బిళ్లలు మార్చి, మళ్లీ సింధూరం పూసి, చక్రం తిప్పి, మచ్చ చూడబోతే కళ్లద్దాలు లేవు, నడుమ చాయ్ తాగడానికి ఇంట్లోకి పోయి అక్కడే మరిచాడు. షెడ్డు వెనకే ఇల్లు. తేవడానికి పోయాడు. అంతయ్య అప్పటికే గేరు నూనె కోసం బజారుకు పోయి ఉన్నాడు.

రాయమల్లు తిరిగొచ్చి చూస్తే అయిదు పళ్ల మీదా మచ్చ నడిమధ్యలో పడింది. గీత గీసి పెట్టినట్టు. ఇంత చక్కగా ఎన్నడూ పడలేదు. ఆ మాటకే అనుమానం రావాలి. రాలేదు, పైగా సంతోషపడ్డాడు. తన చేతి మీద తనకు అంత నమ్మకం. మూత బిగించి, నూనె పోసి, బండిని కిందికి దించాడు.

అంతయ్య నడిపాడు. రాయమల్లు పక్కన కూర్చున్నాడు, యాదవ్వ వెనక. వేగం అందుకోగానే కింద నుంచి సన్నటి కూత మొదలై, పోను పోను పెద్దదైంది. అంతయ్య రెండుసార్లు ఉస్తాదు ముఖం చూశాడు. ఉస్తాదు కళ్లు మూసుకుని, అరచేయి బండి అడుగుకు ఆనించి కూర్చున్నాడు. ఇట్లా కూర్చుంటే వింటున్నాడని అందరూ అనుకుంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది వ్యవహారం, కానీ ఆ సంగతి అంతయ్యకేం తెలుసు? కాసేపటికి రాయమల్లు కళ్లు తెరిచి, "మంచిగున్నది, మలుపు" అన్నాడు. అంత పెద్ద ఉస్తాదే బాగుందన్నాక తానెవరు కాదనడానికని అంతయ్య నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

షెడ్డు ముందు దిగాక యాదవ్వ కొంగుముడి విప్పి ఒక కాగితం పొట్లం తీసింది. రాయమల్లు ఎదుటికొచ్చి నిలబడింది.

"తమ్మీ, నీకు గూడ జరంత బొట్టు పెడుత, వంగు."

"ఏడిది అక్కా గిది?"

"ఏడిదంటవేంది, నీ చక్రం మీదిదే. నువ్వు పూజ చేసి పోతివి గద. కొండగట్టు డబ్బను గుర్తువట్టిన. అయిదు పండ్ల మీదికెల్లి అయిదుగురికి తీస్కున్న. కొడుక్కు, కోడలుకు, ముగ్గురు మనుమలకు. నడిమిట్లకెల్లే తీసిన, అంచులకు మట్టి అంటి ఉంటదని."

రాయమల్లు పొట్లంలోకి చూశాడు. ముసలామె మీద కోపం రాలేదు. అంచున సన్నగా చెరిగిన అసలు మచ్చను వదిలి, వేలి గుర్తును పంటి గుర్తనుకున్న తన మీదే వచ్చింది. ఊరుకుంటే ఈ పూటకు పరువు దక్కుతుంది. ఎల్లుండి అంగడికి బండి నిండా జనంతో ఎత్తు ఎక్కేటప్పుడు పళ్లు రాలతాయి.

"అంతయ్యా, మోత వచ్చిందా?" అని అడిగాడు.

"అదేంది ఉస్తాదూ? పక్కనే కూసుంటివి. గంత మోత వచ్చె గద!"

"నాకు వినపడలే."

"అంటే?"

"నాకు చెవులు లెవ్వు. నిన్న మొన్న గాదు, సిరిసిల్లల్నే పోయినయి."

అంతయ్య ఒంటికాలి మీద లేచాడు. "మరి నా బండి మీద చెయ్యెట్ల పెడితివి? మంచిగున్నదని ఎట్లంటివి? నేను నీ మాట పట్టుకొని ఇరవై మందిని ఎక్కిచ్చుకుంటుంటి గద!"

రాయమల్లు సిగ్గుతో తల వంచుకున్నాడు. జాకీ తెచ్చి బండి కింద పెట్టాడు. అంతయ్య తిట్టడం ఆపి, తనే వెనక చక్రాల నట్లు విప్పసాగాడు. బండిని ఇంకో చోటికి తీసుకుపోదామన్నా అతనికీ వేరే దిక్కు లేదు. యాదవ్వ పొట్లం చేతిలో పట్టుకుని, తప్పు చేసిన పిల్లలా మంచం మీద ముడుచుకుని కూర్చుంది.

మూత విప్పితే పళ్ల అంచులు కొద్దిగా నున్నబడి ఉన్నాయి. విరగలేదు. మళ్లీ సింధూరం కలిపాడు. "అక్కా, పని అయ్యేదాంక చెయ్యి పెట్టకు. అయినంక డబ్బ డబ్బే ఇస్త" అన్నాడు. యాదవ్వ నవ్వలేదు. మూడుసార్లు బిళ్లలు మారిస్తే మచ్చ మధ్యకొచ్చింది. ఈసారి కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా బండి దించాడు. అంతయ్య పక్క సీటు చూపిస్తే ఎక్కలేదు.

"నేనొచ్చి ఏం జేస్త? ఇంద్రవెల్లి దాక నువ్వే పోయి రా."

బండి వచ్చేదాకా రాయమల్లు రోడ్డు అంచునే నిలబడ్డాడు. అనసూర్య చాయ్ తెస్తే ముట్టుకోలేదు. ఒకరి తీర్పు కోసం ఇట్లా నిలబడడం అతనికి కొత్త. భయపడ్డాడు. దాచుకోలేదు కూడా.

గంటకు అంతయ్య వచ్చి, ఇంజిను ఆపి, దిగి ఎదురుగా నిలబడ్డాడు.

"మోత లేదు ఉస్తాదూ."

"నిజం చెప్పు. నన్ను జూసి పాపమని చెప్పకు."

"పాపమెందుకంట? నాకు నా బండి ముఖ్యం. లేదంటే లేదు. మంచిగున్నది."

ముప్పై ఏడేళ్లుగా ఎన్నో బండ్లు ఆ షెడ్డు నుంచి బాగుపడి పోయాయి. మంచిగున్నదనే మాట ప్రతిసారీ ముందు రాయమల్లే అనేవాడు. ఇంకొకరికి అనే అవకాశం ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. ఆ మాట ఇంకొక్కసారి చెప్పమని అంతయ్యను అడిగాడు.