అత్తయ్య మొక్కు, నా నడక

మా మేనత్త పోయింది. మొన్న బుధవారం మూడో తరగతికి లెక్కలు చెబుతుంటే టెలిగ్రాం వచ్చింది, అత్తయ్య ఇక లేదు, వెంటనే బయల్దేరమని. చాక్‌పీసు చేతిలో ఉండగానే తణుకు బస్టాండుకి నడిచాను.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలి. రాయకపోతే రాజమండ్రిలో ఒక బట్టల కొట్టు వాళ్ళింట, తమ్ముడి పంచన కాలం వెళ్ళదీసిన పెద్దావిడగానే మిగిలిపోతుంది. ఆవిడ అంతకంటే చాలా ఘటికురాలు.

నాకు ఆరేళ్ళప్పుడు కడుపులో గడ్డ వచ్చింది. మద్రాసు తీసుకెళ్ళి ఒక కిడ్నీ తీసేశారు, గడ్డ ఉన్నచోట రేడియేషన్ కరెంటు పెట్టారు, ఏడాదికి పైగా ఇంజక్షన్లు ఇచ్చారు. అది క్యాన్సరని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆడపిల్ల, రేపు పెళ్ళి కావాలి. "ఆ జబ్బు" అనేవారు, అదీ గొంతు తగ్గించి. చివరిసారి చూసిన డాక్టరు గారు, పిల్లకి నయమైంది, కడుపుకి దెబ్బ తగలకుండా చూసుకుంటూ అందరి పిల్లల్లాగే తిరగనివ్వండి, ఆడుకోనివ్వండి అని మరీ మరీ చెప్పారట. నాన్న తల ఊపి వచ్చారు. ఇంటికొచ్చాక మాత్రం నన్ను నేల మీద అడుగు పెట్టనివ్వలేదు.

అన్నం మంచం దగ్గరికే వచ్చేది. బడికి రిక్షా. రిక్షా దగ్గర్నుంచి క్లాసు దాకా మా కొట్టు గుమాస్తా ఎత్తుకుని తీసుకెళ్ళేవాడు. తొమ్మిదేళ్ళ పిల్లని చంకనెత్తుకుని తెస్తే తోటి పిల్లలు నవ్వరూ? ఆటల పీరియడులో అందరి చెప్పులకీ నేనే కాపలా. నా కాళ్ళు కొంగ కాళ్ళయ్యాయి. నాలుగడుగులేస్తే ఆయాసం వచ్చేది, ఆ ఆయాసం చూసి అమ్మ హడలిపోయి మళ్ళీ పడుకోబెట్టేది. అదంతా ప్రేమే. ఆ ప్రేమ మీద నాకు ఇప్పటికీ కాస్త కోపం ఉంది.

ఆ రోజు నాన్న పక్కనే ఉండి డాక్టరు గారి మాట విన్న రెండో మనిషి అత్తయ్య. ఏడాది పాటు నాన్నకి చెప్పి చూసింది. డాక్టర్లకేం అక్కా, వాళ్ళ పిల్లా ఏమన్నానా అనేవారు ఆయన. ఒకరోజు పొద్దున్నే స్నానం చేసి వచ్చి, అందరూ వింటుండగా ఆవిడ ఒక సంగతి బయటపెట్టింది. పిల్ల ఆసుపత్రిలో ఉన్నప్పుడు అన్నవరం సత్యదేవుడికి మొక్కుకున్నానని, పిల్ల తన కాళ్ళతో తనే కొండెక్కాలని, ఎవరు ఎత్తుకున్నా మొక్కు చెల్లదని. నాన్న అప్పటికప్పుడు ఒప్పుకున్నారు. వ్రతకథలో మొక్కు వాయిదా వేసిన షావుకారు ఏమయ్యాడో వ్యాపారస్తులకి వేరే చెప్పాలా!

కొండెక్కాలంటే ముందు నడక రావాలి కదా. మర్నాటి నుంచి గోదావరి రేవు మెట్ల మీద మా సాధన మొదలైంది. ఆవిడేమో భారీ మనిషి, పైగా మోకాళ్ళ నొప్పులు. మొదటి రోజు ఐదు మెట్లు దిగి ఎక్కి, ఇద్దరం రొప్పుతూ కూలబడ్డాం. ఇవాళ్టికి చాలమ్మడూ, కొండెక్కడికీ పారిపోదు అంది. రోజుకో మెట్టు పెంచేది. జ్వరం వస్తే మానేసి, తగ్గాక మళ్ళీ ఐదు దగ్గర మొదలెట్టించేది. ఆయాసం వచ్చి నేను బిక్కమొహం వేస్తే, "అలిసిపోతే ఆకలేస్తుంది, జబ్బు చేస్తే వెయ్యదు. నీకు ఆకలేస్తోందా లేదా?" అని అడిగేది. వేసేది. ఇంటికెళ్ళి గిన్నెడు పెరుగన్నం తినేదాన్ని.

ఆ ఏడు కార్తీకంలో అన్నవరం వెళ్ళాం. నాలుగొందల పైచిలుకు మెట్లు. అమ్మ గ్లూకోజు నీళ్ళు పట్టుకుని, నాన్న నాకు ఒక్క మెట్టు వెనకాల రెండు చేతులూ చాపుకుని. సగం దారిలో నేను ఆగిపోతే ఆయన ఎత్తుకోబోయారు.

"తమ్ముడూ, చేతులు వెనక్కి కట్టుకో" అంది అత్తయ్య.

కళ్ళనీళ్ళతోనే కట్టుకున్నారు. కాసేపు కూర్చున్నాను, లేచాను, ఎక్కాను. ఆ మర్నాటి నుంచి గుమాస్తా కొట్లోనే ఉన్నాడు. నేను బడికి నడిచి వెళ్ళాను.

ఆ తర్వాత ఏటా కార్తీకంలో అత్తయ్య ఆ కొండ నడిచే ఎక్కేది. బస్సుందంటే వినేది కాదు. భక్తి అనుకున్నాం. నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, అసలు ఆ మొక్కు మద్రాసులో ఏ రోజున మొక్కుకున్నావని అడిగాను.

"మొక్కా? నేనేం మొక్కుకోలేదే" అంది, చిక్కుడుకాయలు తుంచుకుంటూ. "మీ నాన్న డాక్టరు మాట వినడు, నా మాట వినడు. దేవుడికైతే జడుస్తాడు కదా అని అలా చెప్పాను."

"సత్యదేవుడి పేరు మీద అబద్ధమా అత్తయ్యా?"

"అందుకేగా ఏటా ఈ మోకాళ్ళేసుకుని ఎక్కి, చెంపలేసుకుని వస్తున్నాను."

నాన్నకి చెప్పొద్దంది. చెప్పలేదు. ఇది చదివితే ఆయనకే తెలుస్తుంది. ఆయన ఏమనుకున్నా సరే, నేను మాత్రం ఆ అబద్ధం పెట్టిన తిండితో పెరిగిన మనిషిని.

బుధవారం నా బస్సు గోదావరి వంతెన దిగగానే ఆగిపోయింది. ముందు లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయింది. పొద్దు వాలేలోపే ఆవిడని తీసుకెళ్ళిపోతారు. దిగి, కుచ్చెళ్ళు ఎగదోపుకుని పరుగెత్తాను. దారిలో ఎవరు పలకరించారో, ఎన్ని వీధులు దాటానో తెలీదు. గుమ్మంలో అమ్మ ఏడుస్తూ ఎదురొచ్చింది. నన్ను చూసి ఏడుపు ఆపి, నా గుండె మీద అరచెయ్యి వేసింది. అప్పటిదాకా నేను పరుగెత్తి వచ్చానన్న ధ్యాసే నాకు లేదు. గుండె గట్టిగా, తిన్నగా కొట్టుకుంటోంది. అమ్మ కాసేపు అలాగే చూసి, చెయ్యి తీసి, పక్కకి జరిగి దారి ఇచ్చింది.

వసారాలో చాప మీద అత్తయ్య ఇంకా ఉంది.